'ఇంప్రెషన్' అను ఆంగ్లపదము - ముద్ర, కూర్పు, సంస్కారము

ఒక భాషలోని పదమునకు మఱియొక భాషలో సమానార్థకమును వెదకునపుడు మనము నిఘంటువు నాశ్రయింతుము. నిఘంటువు పర్యాయపదముల నిచ్చును గాని, ఆ పర్యాయపదముల నడుమ నున్న ఎడమును చూపదు. ఆ ఎడమును గుర్తింపని అనువాదము పైకి సరిగానే కనబడుచు లోపల తప్పిపోవును. ఇట్టి చిక్కు తరగతి గదిలోను, పరిశోధన వ్యాసములలోను తఱచుగా ఎదురగుచుండును. అందొక దానిని మాత్రము ఈ వ్యాసమున విచారింప దలచితిని.

మన దర్శనములలోని 'సంస్కారము' అను పదమును ఆంగ్లానువాదకులు పలువురు 'ఇంప్రెషన్' అని అనువదించిరి. ఆ గ్రంథములను చదివిన మన విద్యార్థులు ఆ ఆంగ్లపదమును మరల తెలుగులోనికి తెచ్చునపుడు 'ముద్ర' అని వ్రాయుదురు. 'అనుభవము మనస్సుపై ముద్ర వేయును. ఆ ముద్రయే సంస్కారము' అను వాక్యము నేడు మనకు సహజముగానే తోచును. అయితే ఈ దేశమున పుట్టిన పదము ఆంగ్లము మీదుగా తిరిగి యింటికి వచ్చుటలో దారిలో ఏమి పోగొట్టుకొన్నది, ఏమి తెచ్చుకొన్నది అనునది ప్రశ్న. దీనికి సమాధానము కావలెనన్న ఆ ఆంగ్లపదము యొక్క చరిత్రను మొదట చూడవలెను.

1. మైనము, ముద్దుటుంగరము

'ఇంప్రెషన్' అనునది లాటిన్ భాషలోని 'ఇంప్రిమెరె' అను క్రియనుండి వచ్చినది. 'ప్రెమెరె' అనగా ఒత్తుట. 'ఇన్' అను ఉపసర్గ చేరగా 'లోనికి దిగునట్లు ఒత్తుట' అని అర్థము. 'ప్రెస్', 'ప్రింట్', 'ఇంప్రింట్' అను ఆంగ్లపదములన్నియు ఈ ధాతువు సంతానమే. ప్రాచీన ఫ్రెంచి భాషద్వారా ఈ పదములు వేర్వేరు కాలములలో ఆంగ్లమున ప్రవేశించినవి. వీనిలో 'ప్రింట్' అనునది పుస్తకముల అచ్చు ఆంగ్లదేశమునకు రాకపూర్వమే వాడుకలో నున్నది. నాడు దాని యర్థము ముద్ర ఒత్తగా నిలిచిన గుర్తు మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక యవసరము. కార్యాలయముల లెక్కలలో మనము వినుచుండు 'ఇంప్రెస్ట్' అను మాటకు ఈ ధాతువుతో సంబంధము లేదు. అది అప్పిచ్చుట, ముందుగా సొమ్ము ఇచ్చుట అను అర్థము గల వేఱొక మూలమునుండి వచ్చినది. బలవంతముగా నౌకాదళమున చేర్చుకొనుట యను అర్థమున వాడిన 'ఇంప్రెస్' అను క్రియయు ఆ మూలమునకు చెందినదే. ముందుగా ఇచ్చు సొమ్మే అందలి మొదటి భావము. ధ్వనిసామ్యమును చూచి వంశము నిర్ణయింపరాదనుట కిదియొక నిదర్శనము.

లాటిన్ పదము వెనుక గ్రీకుల ఊహ యొకటి కలదు. ప్లేటో 'థియటేటస్' అను సంవాదమున ఆత్మయందొక మైనపు పలక యున్నదనుకొనుడని సోక్రటీసుచేత చెప్పించెను. మనము చూచినది, విన్నది, తలచినది ఆ మైనమున ఉంగరపు ముద్రవలె దిగును. దిగినది నిలిచినంత వఱకు జ్ఞాపకము, చెఱగిన పిమ్మట మఱపు. మెత్తని మైనము గలవారు త్వరగా నేర్తురు, త్వరగా మఱతురు. గట్టి మైనము గలవారు ఆలస్యముగా నేర్తురు, చిరకాలము నిలుపుకొందురు అని కూడ ఆ సంవాదమున కలదు. అధ్యాపకుల కందఱకు ఈ రెండు తెగల శిష్యులును పరిచితులే. అయితే ప్లేటో ఈ ఉపమానమును తుదిసిద్ధాంతముగా స్థాపింపలేదు; పరీక్షించి చాలదని విడిచెను.

అరిస్టాటిల్ ఆ ఉపమానమునే గ్రహించి మఱింత సూక్ష్మము చేసెను. మైనము ఉంగరపు గుర్తును మాత్రము గ్రహించును. ఉంగరపు ఇనుమును గాని బంగారమును గాని గ్రహింపదు. అట్లే ఇంద్రియము వస్తువుయొక్క రూపమును గ్రహించును గాని ద్రవ్యమును గ్రహింపదని ఆయన వివరణము. తరువాతి స్టోయిక్కులలో క్లియాంథీసు మనస్సునందు ఎత్తుపల్లములతో నిజముగానే ముద్ర పడునని తలచెను. క్రిసిప్పసు దానిని కాదనెను. ఒకే మైనముపై ఒకదానిమీద నొకటిగా ముద్రలు వేసినచో వెనుకటివి చెడిపోవును గదా, మనస్సున అనేక విషయము లొక్కమాఱు నిలుచుటెట్లు అని ఆయన ఆక్షేపణము. కనుక అది ముద్ర కాదు, మనస్సులో కలుగు ఒక మార్పు మాత్రమే యని ఆయన నిర్ణయించెను. ఈ చర్చను లాటిన్‌లోనికి తెచ్చిన సిసిరో జ్ఞేయవస్తువుచే మనస్సున ఒత్తబడిన రూపమని చెప్పుటకు ఈ ధాతువునే వాడెను. కాబట్టి 'ఇంప్రెషన్' ఆంగ్లమున ప్రవేశించునాటికే దానికి భౌతికార్థము, మానసికార్థము అను రెండును అమరియున్నవి. క్రీ.శ. 14వ శతాబ్ది యంత్యమున చాసరు కవి తన కథలలో ఈ పదమును మనస్సున గాఢముగా నాటుకొను భావమను అర్థముననే ప్రయోగించెను.

ఇంతవఱకు చూచినదానిని బట్టి ఈ ఒక్క పదములో మూడు విషయములు కలిసియున్నవని గ్రహింపవచ్చును. మొదటిది ఒత్తుట యను క్రియ; రెండవది ఒత్తగా నిలిచిన గుర్తు; మూడవది ఆ గుర్తుచే ఏర్పడిన ప్రతి, అనగా మూలమును పోలిన రూపము. ఆంగ్లభాష ఈ మూటిని వేఱుచేయక ఒకే పేర పిలుచుచు వచ్చినది. ఆ పదమునకు గల వ్యాప్తికిని, అది కలిగించు చిక్కులకును ఇదియే మూలము.

2. ముద్ర, అచ్చు

ఇక మన పదములను చూతము. 'ముద్ర' సంస్కృతమున మొదట రాజముద్ర, ముద్రాంగుళీయకము. విశాఖదత్తుని 'ముద్రారాక్షసము' నందలి కథ యంతయు రాక్షసమంత్రి ఉంగరము చాణక్యుని చేత చిక్కుటపై నడచును. శకటదాసుచే వ్రాయించిన లేఖపై ఆ ముద్ర పడగానే అది రాక్షసుని లేఖ యైపోయినది. వ్రాసినవాడెవ్వడైనను, ముద్ర ఎవనిదో మాట వానిది. తామ్రశాసనములందును ఇదియే న్యాయము. తూర్పుచాళుక్యుల తామ్రపత్రములను గ్రుచ్చిన కడియముపై వరాహలాంఛనముతో, 'శ్రీ త్రిభువనాంకుశ' అను అక్షరములతో ఉండు ముద్ర ఆ దానమునకు రాజే సాక్షి యని చాటును.

ఉత్తరమునకు ముద్ర వేయుట దానిని మూసివేయుటకే. అందువలన సంస్కృతమున 'ముద్రిత' శబ్దమునకు 'మూయబడిన' అను అర్థము స్థిరపడినది. ముద్రితనేత్రు డనగా కన్నులు మూసికొన్నవాడు. ముద్రితమైన కమల మనగా ముకుళించిన కమలము. 'అముద్రిత' మనగా మూయబడనిది, తెఱచియున్నది. పుస్తకముల అచ్చు వచ్చిన పిదప ఈ యర్థము తలక్రిందులైనది. ముద్రితగ్రంథ మనగా లోకమునకు తెఱవబడిన గ్రంథము. అముద్రితగ్రంథ మనగా తాళపత్రములలో మూతపడియున్న గ్రంథము. నెల్లూరినుండి 1885లో పూండ్ల రామకృష్ణయ్య ప్రారంభించిన పత్రికకు 'అముద్రితగ్రంథచింతామణి' అని పేరుపెట్టుటలో ఈ క్రొత్త అర్థమే స్పష్టముగా కనబడుచున్నది. వెలుగుచూడని కావ్యములను వెలుగులోనికి తెచ్చుట ఆ పత్రిక ఆశయము. ప్రాచీన కవి యెవ్వడైన ఆ పేరు వినియుండినచో 'తెఱచియున్న గ్రంథముల చింతామణి' యని యర్థము చేసికొనెడివాడు. ఒక పదము ఒక శతాబ్దిలోపల తన యర్థమునకు వ్యతిరేకార్థమును పొందుట అర్థవిపరిణామమునకు మంచి యుదాహరణము. ప్రాచీనకావ్యములకు టీకలు వ్రాయువారు దీనిని మఱవరాదు.

తెలుగున 'ముద్ర' మఱికొన్ని దారులు కూడ త్రొక్కినది. వైష్ణవులు భుజములపై ధరించు శంఖచక్రముల తప్తముద్ర, నాట్యమున యోగమున హస్తవిన్యాసమగు ముద్ర, వాగ్గేయకారుడు తన కీర్తనయందు నిలుపు ముద్ర అని ఇవి ప్రసిద్ధములు. క్షేత్రయ్య పదములలోని 'మువ్వగోపాల' శబ్దము దేనిపైనను ఒత్తబడినది కాదు. అయినను అది ముద్రయే. ఒత్తుట యను క్రియ జాఱిపోయి, 'ఇది ఫలానివారిది' అని తెలుపు గుర్తు మాత్రము మిగిలినది. కాబట్టి మన 'ముద్ర' శబ్దమున ప్రధానమైనది ఒత్తిడి కాదు. అధికారము, స్వత్వము, గుర్తింపు.

ఒత్తుట యను భావమును తెలుగున చక్కగా పట్టినది 'అచ్చు' అను దేశ్యపదము. తమిళమునను ఇదే రూపము కలదు. స్వరములకు పేరైన 'అచ్చు' పాణినీయ ప్రత్యాహారమునుండి వచ్చినది. దానికిని దీనికిని సంబంధము లేదు. బెల్లపు అచ్చు, ఇటుక అచ్చు, బొమ్మల అచ్చు అనునప్పుడు అచ్చు అనగా ఆకారము నిచ్చు సాధనము. 'అచ్చుగ్రుద్దినట్లున్నాడు' అనునప్పుడు మూలమునకును ప్రతికిని గల పూర్తి పోలిక. వృషోత్సర్గమున కాల్చిన ముద్ర వేసి ఊరిమీదికి విడిచిన ఎద్దును బట్టి 'అచ్చోసిన ఆంబోతు' అను మాట పుట్టినది. ఇందు అచ్చు అనగా చర్మముపై నిలిచిన గుర్తు. సాధనము, గుర్తు, ప్రతి అను మూటిని ఒక్క పదములోనే నిలుపుకొన్నందున 'అచ్చు' ఆంగ్లపదమునకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది. మచిలీపట్టణ ప్రాంతమున, పెడనయందు, చెక్కలో చెక్కిన అచ్చులను రంగులో ముంచి వస్త్రముపై ఒత్తు పనికి 'అద్దకము' అని వేఱు పేరు కలదు. ఆంగ్లమున ఆ బట్టకును, పుస్తకపు అచ్చునకును ఒకటే మాట 'ప్రింట్'. తెలుగు పనివాడు మాత్రము బట్టపై అద్దును, కాగితముపై అచ్చువేయును.

3. కూర్పు, ముద్రణము

గుటెన్‌బర్గు 15వ శతాబ్ది మధ్యమున జర్మనీలోని మైంజు నగరమున కదలు అక్షరములతో అచ్చుపని నెలకొల్పెను. కాక్స్‌టను 1476లో వెస్ట్‌మినిస్టరున ముద్రాక్షరశాలను తెఱచెను. అక్షరముల దిమ్మకు సిరా పూసి, తడిపిన కాగితము పఱచి, పైనుండి పలకతో బలముగా నొక్కుట నాటి పద్ధతి. ముద్దుటుంగరమును మైనముపై ఒత్తుటకును దీనికిని పోలిక స్పష్టమే కనుక పాతపేరే క్రొత్తపనికి చెల్లినది. ఆ విధమున అచ్చైన కాగితమును వెనుకవైపున వ్రేలితో తడిమినచో అక్షరముల ఎత్తు తగులును. తెలుగు అక్షరములు మొదట అచ్చైనది మన దేశమున కాదు. మదరాసున మతప్రచారము చేసి జర్మనీకి తిరిగిపోయిన బెంజమిన్ షుల్జు 1746-47 సంవత్సరములలో హాలే నగరమున తెలుగు పుస్తకములను ముద్రింపించెను. తరువాత శ్రీరామపురమున కేరీ వ్యాకరణము 1814లోను, మదరాసున క్యాంబెలు వ్యాకరణము 1816లోను వెలువడినవి.

అచ్చుపని పెరిగినకొలది 'ఇంప్రెషన్' శబ్దమునకు గ్రంథశాస్త్రమున నియతమైన పారిభాషికార్థ మేర్పడినది. ఒక్కమాఱు కూర్చిన అక్షరములనుండి ఎన్ని ప్రతులు తీసినను, ఎన్ని మాఱులు తీసినను, అవి యన్నియు ఒక 'ఎడిషన్'. అందు ఒక్క విడతలో తీసిన ప్రతులు ఒక 'ఇంప్రెషన్'. ఫ్రెడ్సన్ బవర్సు 1949లో ప్రకటించిన గ్రంథవర్ణన సూత్రములలో ఈ భేదమును శాస్త్రీయముగా నిరూపించెను.

ఈ విషయమున తెలుగు పదములు తీసిపోయినవి కావు. మన పాత పుస్తకముల ముఖపత్రములందు 'ప్రథమ ముద్రణము', 'రెండవ కూర్పు' అను మాటలు రెండును కనబడును. 'కూర్పు' అనునది అక్షరములను కూర్చుట. కనుక అది 'ఎడిషన్' శబ్దముకంటె విషయమును సూటిగా చెప్పును. 'ముద్రణము' అనునది ఒత్తుట. అది సరిగా 'ఇంప్రెషన్'. పదములు ఇంత చక్కగా సిద్ధముగా నున్నను, ప్రకాశకులు వానిని విచక్షణ లేక ఒకదానికి బదులొకటి వాడుచు వచ్చిరి. రెండవ ముద్రణ మని యున్నదానిలో పాఠములు మాఱియుండవచ్చును. రెండవ కూర్పని యున్నది మొదటిదానికి కేవల పునర్ముద్రణమే కావచ్చును. ముఖపత్రమును మాత్రమే నమ్మి పాఠభేదములను నిర్ణయించువాడు మోసపోవును. పుటల సంఖ్య, పంక్తుల విఱుపు, అచ్చుతప్పులు ఈ మూటిని రెండు ప్రతులందు పోల్చిచూచినచో నిజము తేలును. ఒకే తప్పు ఒకే చోట, ఒకే విఱుపుతో రెంటియందును ఉన్నచో అవి ఒకే కూర్పునుండి వచ్చినవని ఊహింపవచ్చును. పరిశోధక విద్యార్థి తన గ్రంథసూచిలో కూర్పును, ముద్రణమును వేర్వేఱుగా పేర్కొనుట అలవఱచుకొన్నచో మన సాహిత్యచరిత్రలోని కొన్ని వివాదములు పుట్టకయే పోవును.

నేటి ఆఫ్‌సెట్ యంత్రమున అక్షరము కాగితములోనికి దిగదు. కంప్యూటరుతో చేయు ముద్రణమున కొన్ని పద్ధతులందు సిరా తుంపరగా పడునే గాని ఒత్తిడియే లేదు. అయినను పేరు ముద్రణమే. పని మాఱినను పదము నిలుచుట భాషకు సహజము.

4. ఒత్తుటచే కలుగు సాక్ష్యము

చరిత్రకారునకు ఈ పదము మఱియొక విధమున ముఖ్యము. 1886లో హుల్ట్‌జు పండితుడు మదరాసున ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా నియమింపబడినది మొదలు దక్షిణదేశ శాసనముల సేకరణము క్రమబద్ధమైనది. రాతిని కడిగి, తడికాగితమును పఱచి, అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో కొట్టి, ఆరుచుండగా పైన సిరా అద్దుదురు. అక్షరములు తెల్లగను, చుట్టును నల్లగను వచ్చును. ఉంగరముద్రవలె ఇది తిరుగుడుగా రాదు. రాతిపై నున్నట్లే చదువుకొనవచ్చును. దీనినే శాసనవేత్తలు ఆంగ్లమున 'ఇంప్రెషన్' అనియు, ఫ్రెంచి మాటతో 'ఎస్టాంపేజి' అనియు వ్యవహరింతురు.

కొన్ని శాసనముల రాళ్లు నశించినను ఈ ప్రతులవలన వాని పాఠము మిగిలినది. కాని ప్రతి ప్రతియే, రాయి రాయియే. రాతిలోని సహజమైన గుంట కాగితముపై సున్నవలె కనబడవచ్చును. లోతు తక్కువైన తలకట్టు పడకపోవచ్చును. పగులు గీతవలె తోచవచ్చును. శాసనమును రాతిపై చదివినారా, ప్రతిపై చదివినారా అనునది పాఠనిర్ణయమున మొదటి ప్రశ్న కావలెను. గుర్తునకును మూలమునకును గల ఎడమును మఱచుటచే కలుగు ప్రమాదము ఇచ్చట కన్నుల యెదుటనే కలదు.

ఒత్తుటచే కలుగు సాక్ష్యములలో మిక్కిలి సామాన్యమైనది వ్రేలిముద్ర. దాని ఆధునిక చరిత్రలో మన దేశమునకు ముఖ్యస్థానము కలదు. 1858లో వంగదేశమున జంగీపురమున అధికారిగా నున్న విలియం హెర్షెలు, బాట వేయుటకు కంకర ఒప్పుకొన్న రాజ్యధర కొనాయి అను గుత్తదారుని అఱచేతిని ఒప్పందపత్రము వెనుకభాగమున అద్దించెను. సంతకము తనది కాదని గుత్తదారుడు తరువాత బొంకకుండ బెదరించుటయే నాటి యుద్దేశము. హెర్షెలు ఆ చేతికి పూసిన సిరా, తన అధికారముద్రకు వాడు నూనెసిరాయే యట! రాజముద్రకై సిద్ధపఱచిన సిరా సామాన్యుని చేతికి అంటిన ఆ దినమున ఈ పదముయొక్క చరిత్ర ఒక మలుపు తిరిగినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది; దానికి ఆధారమైన వర్గీకరణ పద్ధతికి హెన్రీ పేరు నిలిచినను, అందు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనువారి కృషి గణనీయమైనది. 1872 నాటి సాక్ష్యచట్టములోని దస్తూరి పోలికకు సంబంధించిన నియమము 1899లో వ్రేలిముద్రలకును వర్తింపజేయబడినది. 2024 జూలై 1 నుండి ఆ చట్టము స్థానమున క్రొత్త చట్టము అమలులోనికి వచ్చినది.

పూర్వము ముద్ర రాజునకు, మంత్రికి, ఆచార్యునకు చెల్లినది, గౌరవచిహ్నము. పత్రములందు 'నిశాని' వేయువాని వ్రేలిముద్ర అందుకు భిన్నముగా చదువురానితనమునకు గుర్తైనది. 'వేలిముద్రవాడు' అనుట మన పల్లెలలో తక్కువ చేసి మాటాడుట. తన పొలముపై హక్కును వదలుకొను పత్రములో ఏమున్నదో చదువలేనివాడు కూడ దానిపై బొటనవ్రేలు ఒత్తవలసివచ్చెను. విశాఖదత్తుని నాటకమున జరిగినది ఇచ్చటను జరుగుచుండెను: వ్రాత యొకరిది, ముద్ర యొకరిది, ఫలము మూడవవానిది. నేడు ఆధారు నమోదునకును, ఆస్తుల రిజిస్ట్రేషనునకును పండితుడును పామరుడును సమానముగా వ్రేలు ఒత్తుచున్నారు. అవమానచిహ్నముగా నున్నది అందఱకును గుర్తింపైనది. ఈ మార్పును నిఘంటుకర్తలు ఉదాహరణములతో గుర్తింపవలసియున్నది.

5. అనుభవము, సంస్కారము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఆంగ్లేయ తత్త్వవేత్తలలో జాన్ లాకు 1690 సంవత్సరముతో వెలువడిన తన మహాగ్రంథమున, పుట్టుకతోనే మనస్సున ముద్రితమైన భావములు గలవను మతమును ఖండించెను. ఆయన దృష్టిలో మనస్సు మొదట వ్రాత లేని తెల్లకాగితము. మైనపు పలకకు బదులు కాగితము వచ్చుట అచ్చుయుగపు లక్షణము. డేవిడ్ హ్యూము 1739-40లో ప్రకటించిన గ్రంథమున మనోవృత్తుల నన్నింటిని రెండుగా విభజించెను: అప్పుడు కలుగు తీవ్రమైన అనుభూతులు 'ఇంప్రెషన్'లు, తరువాత తలపునకు వచ్చు వాని మందమైన ప్రతులు 'ఐడియా'లు. ఈ సందర్భమున ఆయన ఒక అధోజ్ఞాపికలో, ఈ పదముచే తాను అనుభూతులు పుట్టు విధమును చెప్పుట లేదనియు, అనుభూతులనే చెప్పుచున్నాననియు, వానికి ఆంగ్లమునగాని తానెఱిగిన మఱి యే భాషయందుగాని ప్రత్యేకమైన పేరు లేదనియు వ్రాసెను.

హ్యూము ఎఱుగని భాషలో ఆ పేరు అంతకు పూర్వమే కలదు. ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన 'తర్కసంగ్రహము'న బుద్ధి రెండు విధములని చెప్పబడినది: స్మృతి, అనుభవము. సంస్కారమాత్రముచే పుట్టిన జ్ఞానము స్మృతి. దానికంటె భిన్నమైనది అనుభవము. ఇద్దఱి విభాగములును అన్ని విధముల సమానములని నా యభిప్రాయము కాదు. నైయాయికుల అనుభవములో అనుమానము, శాబ్దబోధ మొదలగునవియు చేరును. స్మృతి వారికి అనుభవముయొక్క మందమైన ప్రతియు కాదు. అయినను అప్పుడు కలుగుచున్న జ్ఞానమునకు, మరల తలపునకు వచ్చు జ్ఞానమునకు వేర్వేఱు పేరులు, ఆ రెంటి నడుమ నుండి కనబడక పనిచేయు దానికి మూడవ పేరు మన శాస్త్రమున నియతముగా నున్నవి. ఆంగ్లములో హ్యూము 'ఇంప్రెషన్' అన్నది మొదటిదానిని. మన గ్రంథముల అనువాదకులు 'ఇంప్రెషన్' అన్నది నడుమనున్న దానిని. ఒకే మాట అనుభవమునకును సంస్కారమునకును పేరైనది. ఒత్తుటకును, ఒత్తగా నిలిచినదానికిని ఆంగ్లము భేదము చూపకపోవుటయే ఇందుకు కారణము. హ్యూము గ్రంథమును, యోగసూత్రముల ఆంగ్లానువాదమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువు విద్యార్థి కలవరపడుటలో ఆశ్చర్యము లేదు.

సంస్కారము కేవలము గుర్తు కాదనుటకు తర్కసంగ్రహమే ప్రమాణము. అందు సంస్కారము మూడు విధములు: వేగము, భావన, స్థితిస్థాపకము. విసరిన వస్తువును సాగించునది వేగము. అనుభవముచే పుట్టి స్మృతికి హేతువై ఆత్మయందుండునది భావన. వేఱొకవిధముగా చేయబడిన దానిని మరల పూర్వస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. అది చాప మొదలగువానియం దుండును. చుట్టిన చాపను పఱచి చేయి తీసినచో అది మరల చుట్టుకొనుట మనమందఱ మెఱిగినదే. జ్ఞాపకమునకు కారణమైన దానిని మన తార్కికులు రాతి వేగముతోను, చాప సాగుదలతోను ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిరి. ఈ మూటికిని సామాన్యమైనది గుర్తు కాదు, శక్తి. మైనము ఒత్తినదానిని ఒత్తినట్లు ఊరక ధరించును. చాప ఒత్తిడి తీయగానే తానుగా కదలును. గ్రీకులు జ్ఞాపకమునకు మైనమును ఉపమానముగా గైకొనగా, మనవారు దానిని చాపలోని గుణముతో సజాతీయముగా భావించిరి. సంస్కారమును 'ముద్ర' యని చెప్పినంతనే ఆ శక్తి జాఱిపోయి, నిశ్చేష్టమైన గుర్తు మాత్రమే చేత మిగులును.

సంస్కారమునకు సహచరమైన 'వాసన' అను పదమును చూచినను ఇదియే తోచును. పూవులతో కూడియుండిన నువ్వులు ఆ పూవుల పరిమళమును తమలో నింపుకొనును. పూవులు తీసివేసినను పరిమళము పోదు. ఇందు ఒత్తుట లేదు, ఆకారము లేదు, కలసియుండుటయే కారణము. భవభూతి 'మాలతీమాధవము'న ప్రియురాలు తన చిత్తమున నిలిచిన తీరును మాధవునిచే వర్ణింపజేయుచు కరగి కలిసినట్లు, ప్రతిబింబించినట్లు, వ్రాసినట్లు, చెక్కినట్లు, పొదిగినట్లు, వజ్రలేపముతో అతికినట్లు, లోన పాతినట్లు, మేకులతో కొట్టినట్లు, దారములతో కుట్టినట్లు అని ఉత్ప్రేక్షలను వరుసగా గ్రుచ్చెను. ఇన్నింటిలో ముద్ర ఒత్తినట్లను మాట మాత్రము లేదు. ఒక్క శ్లోకమును బట్టి సిద్ధాంతము చేయరాదు. కాని 'చెఱగని ముద్ర వేసెను' అను మాట నేడు మన వ్యాసములందు అడుగడుగున కనబడుచుండగా, అది ఏ కాలమునుండి ఎవరి రచనలలో మొదలైనదో పరిశీలించుట ఒక మంచి పరిశోధన విషయము.

6. ఉపసంహారము

తుదకు ఆంగ్లమున ఈ పదమునకు పట్టిన గతి విచిత్రమైనది. లోతుగా దిగునట్లు ఒత్తుట యని మొదలైన పదము నేడు 'నాకట్లు తోచినది, నిశ్చయముగా చెప్పలేను' అను సందర్భమున వాడబడుచున్నది. 1874లో పారిసు నగరమున ప్రదర్శింపబడిన మోనే సూర్యోదయ చిత్రముపేరిలోని ఈ మాటను పట్టుకొని లెరువా అను విమర్శకుడు ఎగతాళి చేయగా, ఆ చిత్రకారుల సంప్రదాయమునకే అది పేరై నిలిచినది. అందును క్షణికమైన తోపు అను భావమే ప్రధానము. ఇట్టిచోట తెలుగున 'తోపు', 'అభిప్రాయము', సందర్భమును బట్టి 'భ్రమ' అనవలెను గాని 'ముద్ర' అనరాదు.

కాబట్టి ఈ ఆంగ్లపదము ఎదురైనపుడు అనువాదకుడు మొదట వేసికొనవలసిన ప్రశ్న యొకటే: ఇచ్చట చెప్పబడినది ఒత్తుటయా, ఒత్తగా నిలిచిన గుర్తా, ఆ గుర్తువలన వచ్చిన ప్రతియా? గ్రంథవిషయమున ఒత్తుట ముద్రణము, అక్షరముల అమరిక కూర్పు, చేతికి వచ్చినది ప్రతి. న్యాయస్థానమున అది వ్రేలిముద్ర. శాసనవిషయమున అది రాతికి ప్రతి, రాయి కాదు. హ్యూము గ్రంథమున అది అనుభవము. మన దర్శనముల ఆంగ్లానువాదములందు అది సంస్కారము; అప్పుడు మన మాటను మనము మరల తెచ్చుకొనుట చాలును, ముద్రతో పనిలేదు.

పదము అరువు తెచ్చుకొనుట తప్పు కాదు. ముద్రణము, ముద్రాక్షరశాల మొదలగునవి ఈ సంపర్కముననే పాతపదముల కబ్బిన క్రొత్త బ్రతుకులు. తన యింట నున్న పదముయొక్క విలువ తెలియక, దానినే పరాయి వేషమున తిరిగి తెచ్చుకొనుట మాత్రము విచారింపదగినది. అన్నంభట్టు చాపను చూపి చెప్పిన విషయమును మనము మైనమును చూచి మఱవకుందుము గాక.